మోగని వాచీ

ఆ కంపెనీ తయారుచేసేది కిటికీలు. నాలుగంతస్తుల ఆఫీసులో కిటికీ లేని గది ఒక్కటే ఉంది, మెట్ల కింద. అది అతనిది. అందులో ఒక బల్ల, ఓ చెయ్యి ఊడిన కుర్చీ, అట్టపెట్టెల నిండా పాత కీబోర్డులు, చుట్టలు చుట్టి మేకులకి తగిలించిన వైర్లు, గోడకి ఆనించిన సర్వర్ల బీరువా. ఆ బీరువా ఫ్యాన్ల హోరులో పదిహేడేళ్ళు కూర్చున్నందువల్ల అతను ఎక్కడ మాట్లాడినా పక్కగదికి వినపడేలా మాట్లాడతాడు.

అతని పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆఫీసంతా 'రీస్టార్టు' అనే పిలుస్తుంది. ఎదురుగా ఉంటే 'రీస్టార్టు సార్', లేకపోతే ఉత్త 'రీస్టార్టు'. ఎవరు ఏ మొర పెట్టుకున్నా అతను ముందు అడిగేది "ఆపి మళ్ళీ ఆన్ చేశారా?" అని. చేశామంటారు. చేసి ఉండరు. నలభై మెట్లెక్కి వెళ్ళి, తనే ఆపి, తనే ఆన్ చేసి, నలభై మెట్లు దిగి వస్తాడు. చదివిన చదువంతా ఆ మెట్లకే సరిపోయింది.

జనం కొనుక్కునే వస్తువుల మీద అతనికి అభిప్రాయాలు బోలెడు. అడిగినా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. సేల్స్ మేనేజరు కొత్త ఫోన్ కొని, చూపించుకోవడానికి పనిగట్టుకుని కిందికి దిగొచ్చాడు ఒకసారి.

"పాతదాంట్లో లేనిది ఇందులో ఏముంది సార్?"

"కెమెరా అదిరిపోతుంది."

"తీసేది ఆ మొహాన్నేగా."

మేనేజరు మళ్ళీ ఆ గది ఛాయలకి రాలేదు, పాస్‌వర్డ్ మర్చిపోయిన రోజున తప్ప. ఆఫీసులో అందరూ అంతే. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఫ్రిజ్జుకి ఇంటర్నెట్ పెట్టించుకున్న హెడ్ క్లర్కుని "మీ ఫ్రిజ్జు ఎవరికి ఉత్తరాలు రాస్తుందండీ?" అని అడిగాడు. ఫోటోలన్నీ క్లౌడ్‌లో దాచుకున్నానని మురిసిపోయిన రిసెప్షనిస్టుతో, "మబ్బూ లేదు, మన్నూ లేదమ్మా, ఎవడి ఇంట్లోనో పెట్టిన నీ బీరువా అది, తాళం కూడా వాడి దగ్గరే ఉంది" అన్నాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే వారంటీ లేని వస్తువులు కొననంటాడు. ఆ మాటకి మొదట్లో నవ్వేవాళ్ళు. నలభై ఆరేళ్ళొచ్చాక ఎవరూ అడగడం లేదు, కాబట్టి నవ్వే అవసరమూ లేదు.

అన్నిటికంటే గట్టి అభిప్రాయం మాత్రం హెచ్చరికల మీద. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏ యంత్రం కుయ్యిమన్నా పరిగెత్తేవాడు. డిస్కు నిండబోతోందని ఒకటి, బ్యాటరీ ముసలిదైందని ఒకటి, వేడెక్కుతున్నానని ఒకటి, ఎవడో దొంగ చొరబడ్డాడని ఇంకొకటి. రోజుకి తొంభై అరుపులు. వెళ్ళి చూస్తే ఎనభై తొమ్మిదింటి వెనక ఏమీ ఉండేది కాదు. ఆ మిగిలిన ఒక్కటి ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది. తెలిశాక ఎనభై తొమ్మిదింటి నోరూ నొక్కేశాడు. యంత్రానికి బాధ్యత లేదు, భయం ఒక్కటే ఉంది, రేపు తన మీదికి రాకుండా ముందే అరిచి పెట్టుకుంటుంది, అచ్చం మన హెడ్ క్లర్కులాగా, అని అనేవాడు.

అప్పట్నుంచి అదే చేతికి అలవాటైపోయింది. ఎవరి ఫోన్ చేతికొచ్చినా అతని వేళ్ళు ముందు వెళ్ళేది అక్కడికే. మోగేవి, మెరిసేవి, వణికేవి అన్నీ వరసగా ఆపేసి ఇచ్చేవాడు. "ఏం చేశారు సార్, కొత్తదానిలా అయిపోయింది!" అనేవాళ్ళు. ఏమీ చెయ్యలేదు, దాని నోరు మూశాడంతే. అరుపు ఆగితే జబ్బు తగ్గినట్టే లెక్క. కంపెనీ కూడా నెలాఖరున ఎన్ని ఫిర్యాదులు మూశావని అడుగుతుందే గాని, ఎన్ని బాగుచేశావని అడగదు. ఆ లెక్కలో అతనికి ఏటా మంచి మార్కులే వచ్చాయి.

ఆఫీసులో పేరే లేని ఈ మనిషికి ఒక్క ఇంట్లో మాత్రం పెద్దపీట ఉంది. అది అక్క ఇల్లు. తల్లి పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు. కొత్తగా పెళ్ళైన అక్క వాణ్ణి చెయ్యి పట్టుకుని తనతో తీసుకొచ్చేసింది. బావ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. ఆ సాయంత్రమే టేపు తీసి పిల్లాడి భుజాలు కొలిచి, మిగిలిన గుడ్డతో చొక్కా కుట్టాడు. ఇంకేమీ అనలేదు. డిప్లొమా దాకా చదివించాడు కూడా. ఇప్పటికీ ప్రతి ఆదివారం మధ్యాహ్నం అతని భోజనం అక్కడే. తిన్నాక అక్క ఫోన్, బావ ఫోన్, మేనకోడలి లాప్‌టాప్, ఇరుగుపొరుగు అక్కకి అప్పగించిపోయిన ఫోన్లు, అన్నీ అతని ముందుకొస్తాయి. "మా తమ్ముడు చూశాడంటే ఇక తిరుగులేదు" అంటుంది అక్క. టీవీ ఏది కొనాలి, మిక్సీ ఏది కొనాలి, ఏ యాప్ పెట్టుకోవాలి, ఏది తీసెయ్యాలి, అన్నిటికీ అతను చెప్పిందే వేదం. ఈ లోకంలో అతని మాట చెల్లే చోటు అదొక్కటే. అది పోతే అతనికి ఇంకేమీ మిగలదని అతనికి బాగా తెలుసు.

మేనకోడలికి ఉద్యోగం వచ్చిన నెలలో తండ్రికి ఒక వాచీ కొనిపెట్టింది. టైము చూపించడం దానికున్న పనుల్లో చివరిది. అడుగులు లెక్కపెడుతుంది, నిద్ర కొలుస్తుంది, గుండె ఎలా కొట్టుకుంటోందో చూసి ఫోన్లో రాసిపెడుతుంది. మేనమామకి ఆ వాచీ మొదటిచూపులోనే నచ్చలేదు. బావకి మాత్రం చంటిపిల్లాడికి గిలక దొరికినట్టైంది. కత్తెర పట్టిన చేత్తోనే మణికట్టు తిప్పి చూసుకుని, "ఇవాళ ఏడువేలు నడిచానోయ్, కటింగ్ బల్ల చుట్టూనే!" అని ఫోన్ చేసి మరీ చెప్పేవాడు.

నెల తిరక్కుండా ఆ వాచీ అరవడం మొదలెట్టింది. గుండె లయ తప్పి కొట్టుకుంటున్నట్టుంది, డాక్టరుకి చూపించుకోండి అని. మొదటిసారి మోగినప్పుడు అక్కకి చెమటలు పట్టాయి. రెండోసారి మోగింది శనివారం. ఆదివారం భోజనం కూడా కానివ్వకుండా తమ్ముణ్ణి కూర్చోబెట్టింది.

"ఒరేయ్, ఇది ఏదో అంటోంది చూడు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దామా?"

అతను వాచీని బావ చేతినుంచి విప్పాడు. పట్టీ వదులుగా ఉంది. నవ్వొచ్చింది.

"వదులుగా కట్టుకుంటే ఇలాగే అంటుందక్కా. మణికట్టు కదిలితే దానికి గుండె కదిలినట్టే. వాచీ చెప్పిందని వెళ్తే డాక్టరు నవ్వుతాడు. నేను బాగుచేస్తాలే."

"అయితే సరే" అని అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రెండు మాటల్లో ఎంత నమ్మకం ఉందో అతనికి అప్పుడు పట్టలేదు. అలాంటి నమ్మకానికి అతను ఎప్పుడో అలవాటుపడిపోయాడు.

పట్టీ ఒక బెజ్జం బిగించాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. వేళ్ళు ఊరుకోలేదు. బావ ఫోన్ తీసుకుని, సెట్టింగుల్లోకి వెళ్ళి, గుండె హెచ్చరికలన్నీ ఆపేశాడు. మోత లేదు, వణుకు లేదు, తెర మీద మాట లేదు. వాచీ తన పాటికి తను చూస్తూనే ఉంటుంది, రాస్తూనే ఉంటుంది, ఎవరికీ చెప్పదు.

"నోరు నొక్కేశాను బావా" అన్నాడు గొంతు తగ్గించి. "అక్కకి చెప్పకు, మళ్ళీ కంగారు పడుతుంది."

"నిజంగా ఏమీ లేదంటావా?" అన్నాడు బావ. "ఈ మధ్య మెట్లెక్కితే కాస్త ఆయాసంగానే ఉంటోంది."

"యాభై ఎనిమిదేళ్ళకి ఆయాసం రాకపోతే అప్పుడు వెళ్ళాలి డాక్టరు దగ్గరికి. మొరిగే కుక్క కరవదు బావా, పదిహేడేళ్ళుగా చూస్తున్నాను."

బావ నవ్వాడు. ఇద్దరూ దొంగల్లా నవ్వుకున్నారు. అక్క భోజనానికి పిలిచింది.

ఆ తర్వాత ఏడు వారాలు వాచీ మోగలేదు. ఎనిమిదో వారం బుధవారం ఉదయం పదిన్నరకి, కటింగ్ బల్ల దగ్గర నిలబడ్డ బావ చేతిలోంచి కత్తెర జారిపోయింది. వంగి తియ్యబోయి, అలాగే కుడివైపుకి ఒరిగిపోయాడు. ఆ కబురొచ్చేసరికి రీస్టార్టు మూడో అంతస్తులో ప్రింటరు పొట్టలోంచి నలిగిన కాగితం లాగుతున్నాడు. ఆ సిరా చేతులతోనే ఆస్పత్రికి పరిగెత్తాడు.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ పడిపోయాయి. నలభై ఏళ్ళు గుడ్డ మీద గీత తప్పకుండా కోసిన చెయ్యి దుప్పటి మీద ఎవరో మర్చిపోయిన వస్తువులా పడి ఉంది. అక్క ఆ చేతినే చూస్తూ కూర్చుంది. తమ్ముణ్ణి చూడగానే ఏడుపు తన్నుకొచ్చింది.

"నువ్వన్నదే నిజమైందిరా. అవన్నీ ఉత్త బొమ్మలు. ఏమీ లేనప్పుడు గోల గోల చేసింది. తీరా ముంచుకొచ్చేసరికి నోరు పెగల్లేదు దానికి. మొన్న ఆయాసంగా ఉందన్నాడు. వాచీ ఏమంటోందని అడిగాను. ఏమీ అనట్లేదన్నాడు. నువ్వు బాగుచేశావు కదా, ఏమీ అనట్లేదంటే బాగున్నట్టే కదా అనుకున్నాను."

అతను సిరా చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. అక్క అటు తిరిగి కూతురి మీద విరుచుకుపడింది.

"పని చెయ్యని వస్తువు తెచ్చి నాన్న చేతికి కట్టావు! ఆ దిక్కుమాలినది లేకపోతే ఆయాసం అన్న రోజే నేను తీసుకొచ్చేదాన్ని!"

మేనకోడలు గోడ వైపు తిరిగి నిలబడింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, తండ్రి మీద ప్రేమతో కొన్న వస్తువు. ఆ మాట పడాల్సింది తన మీద అని అతనికి తెలుసు. తెలిసి ఊరుకున్నాడు. ఇలాంటప్పుడు ఊరుకునేవాణ్ణి ఏమంటారో చెప్పక్కర్లేదు.

సాయంత్రం డాక్టరు వచ్చి, గుండె లయ తప్పి అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకి చేరిందని చెప్పాడు. ఎన్నాళ్ళుగా ఇలా ఉందో తెలిస్తే మందుల సంగతి తేల్చుకోవడం సులువంటూ, చేతికి ఆ రకం వాచీ ఉంది కదా, అందులో పాత లెక్కలేమైనా ఉన్నాయేమో చూడమన్నాడు. అక్క ఠక్కున "మా తమ్ముడు చూస్తాడండీ, కంప్యూటర్లు అతని పనే" అని వాచీ, ఫోనూ అతని చేతిలో పెట్టింది.

వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తెరిచాడు. అన్నీ ఉన్నాయి. తేదీ, గంట, నిమిషంతో సహా. ఈ ఏడు వారాల చిల్లరలో పద్నాలుగుసార్లు చెప్పింది. మొదటిది, అతను నోరు నొక్కిన నాలుగో రోజున. చివరిది ఆ ఉదయమే, ఆరూ పదికి. బావ అప్పటికింకా నిద్ర లేచి ఉండడు. పట్టీ బిగించాకే, మణికట్టు కదలకుండానే, పద్నాలుగుసార్లు. పదిహేడేళ్ళుగా తను ఏరి పెట్టుకున్నానని గొప్పలు పోయిన, తొంభైలో ఆ ఒక్కటి ఇదే. దీన్ని చూసి నవ్వాడు.

అంతా చెరిపేసి వాచీని కొత్తదానిలా చెయ్యడానికి రెండు నొక్కులు చాలు. ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిన వాళ్ళ కంప్యూటర్లు వందల్లో చెరిపాడు, ఒక్కదానికీ రెండోసారి ఆలోచించలేదు. వాచీ చెడిపోయింది డాక్టరుగారూ, ఏమీ లేవు అంటే నమ్మని వాళ్ళు ఆ ఆస్పత్రిలో ఎవరూ లేరు. బొటనవేలు 'చెరిపెయ్యి' అన్న మాట మీద పెట్టి ఎంతసేపు కూర్చున్నాడో అతనికే తెలీదు. లోపల నర్సు బావని పక్కకి తిప్పుతుంటే మంచం కిర్రుమంది. లేచి, పక్క వార్డులో ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ జాబితా చూపించాడు.

"చాలా పనికొస్తుంది ఇది" అన్నాడు డాక్టరు కళ్ళజోడు సర్దుకుంటూ. "ఇన్నిసార్లు చెబితే ఎందుకు రాలేదు మీరు?"

"మోగకుండా ఆపి ఉందండీ."

"ఎవరాపారు?"

"ఇంట్లో... ఎవరో నొక్కి ఉంటారు."

డాక్టరుకి తీరిక లేదు, తల ఊపి వెళ్ళిపోయాడు. బావకి కావలసింది అందింది. ఇక చెప్పకపోయినా నష్టపోయేవాళ్ళు లేరని అతను తనకి తాను చెప్పుకున్నాడు. మేనకోడలు అప్పుడు కింద మందుల దుకాణం దగ్గర నిలబడి ఉంది. ఆ పిల్లని లెక్కలో వేసుకోలేదు.

పదకొండు రోజులకి బావ ఇంటికొచ్చాడు. ఆదివారం అతను వెళ్ళేసరికి అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చెంచాతో తినిపిస్తోంది. కూతురితో అక్క అవసరానికి తప్ప మాట్లాడడం లేదు. చెంచా ఇటివ్వు, దుప్పటి అటు లాగు, అంతే. ఆ పిల్ల ఆ రెండు మాటల కోసమే అక్కడ తచ్చాడుతున్నట్టుంది. మామయ్యని చూసి లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టింది.

"మామయ్యా, వాచీ కంపెనీ వాళ్ళకి ఫిర్యాదు రాశాను. సరిగ్గా ఉందో లేదో చూస్తావా? నీకైతే తెలుస్తుంది."

చదివాడు. మా నాన్నగారికి మీ వస్తువు ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు అని ఉంది. ఇలా ఇంకో ఇంట్లో జరగకూడదని ఉంది. నమ్మి కొన్నది నేను, తప్పు నాది అని చివర్లో ఉంది. ఫిర్యాదులో అలాంటి మాట ఎవరూ రాయరు. కంపెనీ వాళ్ళకి దాంతో పనీ లేదు. ఆ వాక్యాన్ని ఆ పిల్ల తల్లి కోసం రాసుకుంది.

"ఇది పంపకమ్మా" అన్నాడు.

"ఏం, తప్పులున్నాయా?"

మంచం మీద బావ కళ్ళు అతని మీద పడ్డాయి. విషయం ఏమిటో బావకి అర్థమైంది. ఆ రోజు నవ్వింది ఇద్దరూ కదా. బావ మంచి చెయ్యి, ఎడమది, దుప్పటి మీంచి లేచి అటూ ఇటూ ఊగింది. వద్దు, చెప్పకు అని. మాట పోయిన మనిషి ఇంకా బావమరిదిని కాపాడడానికే చూస్తున్నాడు. ఆ చెయ్యి చూశాక అతనిక ఆగలేకపోయాడు.

"వాచీ చెప్పిందక్కా" అన్నాడు. అతని గొంతు ఎప్పట్లాగే పక్కగదికి వినపడేంత పెద్దగా ఉంది. ఈసారి తగ్గించడం చేతకాలేదు. "పద్నాలుగుసార్లు చెప్పింది. నేనే దాన్ని మోగకుండా చేశాను. బాగుచేశానని నీతో అన్న రోజున నేను బాగుచెయ్యలేదు, నోరు నొక్కాను. ఉత్తదే అనుకున్నాను. ఆస్పత్రిలోనే తెలుసు నాకు. పాపని తిడుతుంటే వింటూ నిలబడ్డాను."

చెంచా అక్క చేతిలో ఆగిపోయింది. మేనకోడలు లాప్‌టాప్ మూత నెమ్మదిగా మూసింది. తిట్టినా బాగుండేది. చిన్నప్పుడు గ్లాసు పగలగొడితే వీపు చిట్లగొట్టిన అక్క ఇప్పుడు చెయ్యెత్తితే కాళ్ళ మీద పడేవాడు. అక్క చెయ్యెత్తలేదు. చెంచాలోది భర్త నోట్లో పెట్టింది, పెదాల పక్కన కారింది తుడిచింది, గిన్నె కింద పెట్టింది. కూతుర్ని దగ్గరికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ పిల్ల తల తల్లి ఒడిలో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క ఆ జుట్టు నిమురుతూనే, జాకెట్టులోంచి తన ఫోన్ తీసి తమ్ముడి వైపు చాచింది.

"ఇందులో ఇంకా ఏమేం ఆపావో అన్నీ తెరిచిపెట్టు."

"అక్కా..."

"తెరిచిపెట్టు."

అక్కడే నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ తెరిచాడు. యాభై మూడు ఉన్నాయి. ఎప్పుడు ఆపాడో కూడా గుర్తులేనివి, అడక్కుండానే ఆపినవి. పూర్తిచేసి ఫోన్ అక్క చేతికిచ్చాడు. ఇచ్చిన క్షణానికే అది టింగుమంది. అక్క కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ దగ్గరగా పట్టుకుని, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. ఏదో చీరల దుకాణం వాళ్ళ ప్రకటన అది. ఇంత దూరం నుంచి కూడా అతనికి తెలుస్తోంది.

"అది ఉత్తదే అక్కా" అన్నాడు. అలవాటుగా వచ్చేసింది.

అక్క తలెత్తలేదు. చదివింది పూర్తిచేసి, మొదట్నుంచి మళ్ళీ ఒకసారి చదివింది.

"ఉత్తదో కాదో నేను చూసుకుంటాను" అంది. "నువ్వు వెళ్ళు."